స్వరూపక్క ఎడమ పిడికిలి

కింద హోటల్లో పొద్దుటి పూట పల్లీలు వేయించి స్టీలు తాంబాళంలోకి ఒంపుతారు. రోజూ వినే చప్పుడే. నిన్న మాత్రం అది చెవిన పడగానే, ఉతికిన యూనిఫాం చేతిలో పట్టుకుని, నీళ్ళు కారుతున్నా పట్టించుకోకుండా డాబా మీద నిలబడిపోయాను. మొదట నాలుగు గింజలు ఖణేల్‌మని, వెనకాలే మిగతావన్నీ ఒక్కసారిగా గలగలమని. ఆ చప్పుడుకు నాకు ఆకలి వేయదు, కోపం వస్తుంది. మంచి కోపం, వెన్ను నిటారుగా నిలబెట్టే కోపం. నస్పూర్ కాలనీ క్లబ్బు గదిలో ఆదివారం ఎనిమిది పాచికలు తాంబాళంలో పడితే అచ్చం ఇలాగే మోగేది. ఆ తాంబాళం స్వరూపక్కది.

నిన్న ఆ కోపం నాకు సరిగ్గా వేళకే వచ్చింది. అంతకు కాసేపటి ముందే మా ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, మెత్తగా ఒక మాట చెప్పి వెళ్ళింది. నేను ఇక్కడ ఆసిఫాబాద్‌లో నర్సును. డ్యూటీ లేని ఆదివారాలు ఈ సందులోని పిల్లలను పోగేసి గదిలో ఒక ఆట ఆడిస్తాను. "సిస్టరమ్మా, పిల్లలు మంచిగనే ఆడుకుంటున్నరు, నేనేమనను. గని ఆ మంత్రం అన్న మాట ఒక్కటి తీసెయ్యరాదు? కిడికీలకెళ్ళి ఇనవడుతున్నది. నలుగురు నాలుగు తీర్ల అంటున్నరు. ఇంకేదన్న పేరు పెట్టుకో. లేదంటే వచ్చే నెల్ల వేరే రూం జూస్కో" అంది. రేపు ఆదివారం కదా, అప్పుడు చెప్తానన్నాను. ఇవాళే ఆ ఆదివారం. పిల్లలు రావడానికి ఇంకా వేళ ఉంది. ఈలోగా స్వరూపక్క సంగతి రాసి పెట్టాలనిపించింది.

స్వరూపక్క మా వీధి చివరి క్వార్టర్‌లో ఉండేది. హైదరాబాద్‌లో కంప్యూటర్ మీద బొమ్మలు గీసే పని చేసేది. వాళ్ళ బాపు బొగ్గు గనిలో పని చేసి చేసి ఊపిరితిత్తులు పాడై అన్‌ఫిట్ అయితే, ఆ ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తామన్నారు. తమ్ముళ్ళు చిన్నవాళ్ళు. ఈమె సంచి సర్దుకుని వచ్చేసింది. కంపెనీ ఆమెను లాంప్ రూమ్‌లో వేసింది. బొగ్గు బాయిలోకి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గర తన నంబరు బిళ్ళ ఇచ్చి, నెత్తికి కట్టుకునే లైటు తీసుకోవాలి. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. హైదరాబాద్ నుంచి ఆమె వెంట తెచ్చుకున్న సంచిలో రెండు జతల బట్టలు, ఒక లావుపాటి పుస్తకం, ఒక గుడ్డ మూటలో నల్లటి పాచికలు ఉన్నాయని కాలనీ అంతా తెలిసిపోయింది. మా కాలనీలో ఎవరి సంచిలో ఏముందో తెలియకపోతే ఎవరికీ అన్నం సహించదు.

ఆ పుస్తకం, పాచికలు హైదరాబాద్ హాస్టల్లో ఆమె తోటి అమ్మాయిల దగ్గర నేర్చుకున్న ఆటవి. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళం ఆ కథలో ఒక్కొక్క మనిషిగా ఉంటాం. కోట గోడ ఎక్కాలన్నా, రాక్షసుణ్ణి కొట్టాలన్నా, ఏం చేస్తామో నోటితో చెప్పి పాచికలు వెయ్యాలి, అవి చెప్పినట్టు కథ పోతుంది. క్లబ్బులో వాడని ఒక గది తాళం అడిగి తీసుకుని, ఆదివారాలు మాతో ఆడించేది. మేము ముగ్గురం. పక్క వీధి యాకూబ్ కత్తి వీరుడు. నా క్లాసుమేటు శిరీష విలుకత్తె. నేను మంత్రగత్తెను. ఎవరూ అడగకముందే ఆ వేషం నాకు కావాలని అరిచి తీసుకున్నాను. అప్పుడు నాకు పదమూడేళ్ళు. నా గొంతు పెద్దది. పుట్టుకతోనే పెద్దది. ఇంట్లో "జర తగ్గే, ఆడివిల్లవు" అని అవ్వ అనని రోజు లేదు. నవ్వితే తగ్గమనేవాళ్ళు, ఏడిస్తే తగ్గమనేవాళ్ళు, బడిలో జవాబు చెప్తే కూడా సారు చెవి మూసుకుని తగ్గమనేవాడు. మంత్రగత్తెకు ఆ బాధ లేదు కదా అనుకున్నాను.

మొదటి ఆటలోనే నా ఘనకార్యం జరిగిపోయింది. దొంగలు ఒక ముసలి వైద్యుణ్ణి గడ్డి కొట్టంలో దాచారు. మేము ఆయనను విడిపించాలి. నా దగ్గర అగ్నిమంత్రం ఉంది, దాని బలం ఎనిమిది పాచికలు. నేను లేచి నిలబడి, గది కప్పు ఎగిరిపోయేలా "అగ్నిమంత్రం!" అని కేకవేసి ఎనిమిదీ విసిరేశాను. దొంగలు కాలిపోయారు. గడ్డి కాలిపోయింది. కొట్టం కాలిపోయింది. స్వరూపక్క మక్క పేలాలు నములుతూ, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "వైద్యుడు సుత కాలిపోయిండు" అంది. యాకూబ్ తల పట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంకేముంది, ఇక్కడ కూడా తగ్గమంటుంది అనుకున్నాను.

తగ్గమనలేదు. "నీ దగ్గర ఎనిమిది ఉన్నయని ఎనిమిదీ ఇసిరేసుడేనానే? పుస్తకంల లేదు గని, మన ఆటల ఒక రూల్ పెడుతున్న, ఇను" అంది. మంత్రం వెయ్యబోయే ముందు ఎవరైనా తమ మంత్రాన్ని తామే బలహీనం చేసుకోవచ్చు. ఎన్ని పాచికలు వద్దనుకుంటే అన్ని తీసి ఎడమ చేతిలో పట్టుకోవాలి. మిగిలినవి కుడిచేత్తో వెయ్యాలి. రెండే వేస్తే అగ్నిమంత్రం దీపమంత అవుతుంది, ఒకటే వేస్తే పొయ్యి రాజుకునే నిప్పు అవుతుంది. ఎడమ చేతిలోవి ఎక్కడికీ పోవు, వంతు అయ్యాక మళ్ళీ కుప్పలో కలుస్తాయి. "కాలవెట్టుడు అందరికీ వస్తది. ఎంత కాలవెట్టాల్నో అనుకుని, గంతే కాలవెట్టుడు సూపియ్యి" అంది. ఆ వారం నుంచి నాకు అదే పిచ్చి పట్టింది. మూడు పాచికలతో తాడు మాత్రం కాల్చి మనిషికి వేడి తగలకుండా కట్లు విప్పాను. రెండింటితో తాళానికి పట్టిన మంచుగడ్డ కరిగించాను. నాలుగు పిడికిట్లో ఉంచుకుని నాలుగు వేసేటప్పుడు, ఆ ఎడమ చేతిలోని బరువు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నేను చిన్నగా మాట్లాడుతున్నానంటే నా దగ్గర గొంతు లేక కాదు, ఉండీ నేనే దాచుకుంటున్నాను. ఇది నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పని మాట.

ఆమెను మెత్తటి మనిషి అనుకోకండి. ఒకసారి మా బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు చూశాను. ఒక లైటు కాస్త డిమ్ముగా వెలుగుతోందని ఆమె పక్కన పెట్టేసింది. వేరే లైటు చార్జింగ్‌లో ఉంది. ఆలస్యమవుతోందని అక్కడి పెద్దసారు కిటికీ మీద తట్టి, "ఒక్క షిఫ్టుకు ఏం కాదమ్మా, ఇచ్చెయ్" అన్నాడు. "దానంతటది తగ్గిన లైటు నేనియ్య సార్. మీరు దిగుతరా దీంతోని?" అంది. ఆయన ముఖం మాడిపోయింది. ఆ లైటుతో దిగాల్సిన కార్మికుడు వేరే లైటు వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని నాతో కబుర్లు చెప్పాడు. స్వరూపక్క కిటికీ లోపల ఏమీ జరగనట్టు తర్వాతి బిళ్ళ తీసుకుంది.

ఆమెకు నిజంగా కోపం రావడం నేను చూసింది ఆట దగ్గరే. నేను ఏదో గుహలో మంత్రం వెయ్యబోతుంటే, యాకూబ్ తొందరపడి, "గన్ని వద్దే, పైకప్పు కూలుతది" అని నా కుప్పలోంచి మూడు పాచికలు లాక్కున్నాడు. ఆడుతున్నప్పుడు ఎవరైనా చేసే పనే. స్వరూపక్క చెయ్యి తాంబాళం మీద బోర్లించింది. ఆట ఆగిపోయింది. "పెట్టు" అంది. యాకూబ్ నవ్వబోయి ఆమె కళ్ళు చూసి మానేశాడు. "ఆమె కుప్పల నీ చెయ్యి ఎందుకు పడ్డది? వద్దనిపిస్తే నోటితోని చెప్పు, బతిమాలు, కొట్లాడు. గుహ కూలితే అందరం కలిసి సస్తం. గని ఒగల మంత్రం ఇంకోలు తగ్గియ్యొద్దు. గీ ఆటల గది లేదు." యాకూబ్ పాచికలు తిరిగి పెట్టాడు. చాలాసేపటికి ఆమె మామూలు గొంతుతో వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పింది.

హుస్నాబాద్ దిక్కు పల్లె వాళ్ళది. నాయనమ్మకు నాట్లప్పుడు పాటలు కట్టి పాడే అలవాటు, గొంతు కూడా గట్టిది. ఊళ్ళో ఎవరింట్లోనో గొడ్లు చచ్చాయి. ఆమె నోట్లో నోట్లో ఏదో అనుకుంటూ ఆ ఇంటి ముందు నుంచి పోయిందన్నారు. మంత్రాలు చేస్తుందన్నారు. ముందు పళ్ళు లేకపోతే మంత్రం సరిగా పలకదని, దాని బలం తగ్గిపోతుందని వాళ్ళ నమ్మకం. పట్టుకారుతో పళ్ళు పీకారు. "నాకు తెలిసినప్పటిసంది మా నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేది. పాట మల్ల పాడలే" అంది స్వరూపక్క. ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాక అద్దం ముందు నిలబడి నా పళ్ళు నేను చూసుకున్నాను. నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది.

ఇంత తెలిసిన స్వరూపక్క చుట్టూనే అదే మాట తిరుగుతుందని అనుకోలేదు. దానికి కారణం ఏ దయ్యమూ కాదు, యాకూబ్ ప్యాంటు జేబుకున్న చిల్లు. ఆడీ ఆడీ పాచికల మీది అంకెల్లో తెల్లరంగు పోయింది. నల్లటి వాటి మీద అంకెలు కనిపించక, శిరీష వాళ్ళమ్మ దగ్గరి కుంకుమ తెచ్చి తడిపి ఆ గాట్లలో నింపింది. ఎర్రగా ఎంత బాగా కనబడ్డాయో. వాటిలో ఒకటి యాకూబ్ జేబులోంచి జారి, మా వీధిలోనే ఉండే కనకవ్వ గడప ముందు పడింది. నల్లటి పలకల రాయి, గాట్ల నిండా కుంకుమ, గడప ముందు. ఇంట్లో చూస్తే కనకవ్వ మనవడికి వారం నుంచి జ్వరం. మా దిక్కు పుట్టి పెరిగిన ఎవరినైనా అడగండి, అది చూసి ఆట వస్తువు అనుకునేవాళ్ళు ఒక్కరూ ఉండరు. కనకవ్వ దాన్ని చేత్తో ముట్టకుండా పట్టుకారుతో ఎత్తి, గోడవార కుండ బోర్లించి దాని కింద పెట్టింది. పిల్లవాడికి దారం కట్టించింది. క్లబ్బు కిటికీ పక్క నుంచి పోతున్నప్పుడు నా గొంతు ఎన్నోసార్లు విని ఉంది కూడా. లాంప్ రూమ్ పిల్ల మంత్రాలు నేర్పుతోందని రెండు రోజుల్లో నీళ్ళ బిందెలతో పాటు ఇంటింటికీ చేరింది.

క్లబ్బు సెక్రటరీ సారు చెడ్డవాడు కాదు. గొడవలంటే భయం, అంతే. స్వరూపక్కను పిలిచి, మేము పక్కనే ఉండగా, చాలా మర్యాదగా చెప్పాడు. "మంత్రం అనకుండ్రి బిడ్డా, పవర్ అనుండ్రి. ఇంగ్లీషుల ఉంటే ఎవలకు పరేషాన్ ఉండది. పాచికలు బంద్ జేసి చిట్టీలు దియ్యుండ్రి. పిల్లలు మెల్లగ మాట్లాడాలె. ఆట ఆడద్దంటలేను, జర తగ్గించుకో అంటున్న." ఆమె నింపాదిగా విని, "తగ్గించుకునుడు నేనే నేర్పుతున్న సార్. గందుకే ఎవలు తగ్గియ్యాల్నో కూడ నాకు ఎరుకే" అంది. సాయంత్రానికి గదికి కొత్త తాళం పడింది. యాకూబ్‌ను, శిరీషను ఇళ్ళలో కట్టడి చేశారు. మా బాపు కేకలేం వెయ్యలేదు. "ఆదివారం ఇంట్లనే ఉండు" అన్నాడు, అంతే. స్వరూపక్క వాళ్ళమ్మ ఆమె కాళ్ళు పట్టుకున్నంత పని చేసిందట. తన అత్తకు జరిగిందే కూతురికీ జరుగుతుందని ఆ తల్లి భయం. అది ఉత్త భయం కాదని అందరికీ తెలుసు.

ఆదివారం పొద్దున స్వరూపక్క తాంబాళం, పాచికల మూట, ఒక చాప పట్టుకుని కాలనీ నల్లా దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నీళ్ళు వచ్చే వేళ. అన్ని వీధుల ఆడవాళ్ళూ బిందెలతో అక్కడే ఉన్నారు. గది లోపల ఏం చేస్తున్నామోనని కదా వాళ్ళ అనుమానం. "లోపట ఏం లేదు, అంత బయటనే ఉన్నది, సూడుండ్రి" అని అందరికీ వినబడేలా చెప్పి కథ మొదలుపెట్టింది. ఎదురుగా ఆడేవాళ్ళెవరూ లేరు. ఒక్కతే కథ చెప్తోంది. నేను ఉప్పు తెస్తానని చెప్పి ఇంట్లోంచి బయటపడి, నేరుగా వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఆమె నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. "వంతెన మీద ఇనుప గొలుసు అడ్డం ఉన్నది. అవుతల వరద. ఏం జేస్తవు?" అంది.

అప్పుడే బాపు వచ్చాడు. గుంపు దారి ఇచ్చింది. "లే. ఇంటికి నడువు" అన్నాడు. నా కుప్ప నా ముందు ఉంది. ఒకటి పోయింది కదా, దాని బదులు చింతగింజ పెట్టుకుని ఎనిమిది. నేను స్వరూపక్క వైపు చూశాను. కూర్చోమని ఆమె అంటుందని, నా తరఫున బాపుతో మాట్లాడుతుందని ఆశపడ్డాను. "నన్ను సూడకు. లేస్తె లే, ఏస్తె ఏయి. నీ కుప్పల నేను సుత చెయ్యి పెట్ట" అంది. అంతమంది నన్నే చూస్తున్నారు. ఆ ఇనుప గొలుసుకు ఎనిమిది అవసరం లేదని నాకు తెలుసు, మూడు చాలు. కాని ఆ రోజు ఎదురుగా ఉన్నది గొలుసు ఒక్కటే కాదు. నేను ఎడమ చేతిని అందరికీ కనబడేలా తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పుట్టినప్పటి నుంచీ నన్ను తగ్గమన్న వాళ్ళందరూ వినేలా "అగ్నిమంత్రం! ఎనిమిది!" అని అరిచి వేశాను. తాంబాళం మోగింది. నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. బాపు నన్ను కొడతాడనుకున్నాను. ఆయన అక్కడే, చేతులు కట్టుకుని, నిలబడిపోయాడు.

వెనక నుంచి ఎవరో మగ గొంతు, "మునుపైతే గిసొంటోళ్ళ పండ్లు పీకేటోళ్ళు" అంది. స్వరూపక్క లేచి నిలబడింది. "ఎవలన్నది? ముందలికి రా" అంది. ఎవరూ రాలేదు. "ఇగో, అన్ని పండ్లు ఉన్నయి. మా నాయనమ్మకు పీకినయి గిక్కడ మల్ల మొలిచినయి. పట్టుకారు తెచ్చుకో." ఆమె నోరు తెరిచి పళ్ళు చూపించింది. నాకు ఆ ముఖం ఇప్పటికీ కనబడుతుంది. అందులో భయం లేదని చెప్పను. పెదవి వణుకుతోంది. వణుకుతూనే పళ్ళు చూపిస్తోంది.

ఇక్కడితో అయిపోతే ఇది గెలిచిన కథ అయ్యేది. కాని అప్పుడు కనకవ్వ వచ్చింది. తిట్టడానికి రాలేదు. మనవడిని భుజాన వేసుకుని వచ్చింది. వాడి తల వేలాడిపోతోంది. ఆమె వచ్చి స్వరూపక్క కాళ్ళ దగ్గర కూలబడింది. "తగ్గియ్యొస్తదట గదా నీకు. పోరగాండ్లు చెప్పిండ్రు. నాలుగు తీసి పక్కకు పెడితే మంత్రం తగ్గుతదట. నా మనుమని మీదికెళ్ళి తియ్యి బిడ్డా. నువ్వు ఏసినవని ఎవలకు చెప్ప. ఉత్తగ తియ్యి. నీ కాల్మొక్త" అని ఏడ్చింది. సెక్రటరీ సారు పక్కకు వంగి గుసగుసగా, "తియ్యి స్వరూపా. ఒక్కటి తీసి పక్కకు పెట్టు. ముసల్ది నిమ్మళమైతది. లొల్లి ఒడుస్తది. గది తాళం నేనే ఇస్త" అన్నాడు. ఎంత తేలిక! ఒక్క పాచిక. అందరూ ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోతారు. తీస్తుందనే అనుకున్నాను. ఆమె చెయ్యి తాంబాళం దాకా వెళ్ళింది కూడా.

వెళ్ళి, వెనక్కి వచ్చింది. "తియ్య" అంది. గుంపులో గొణుగుడు లేచింది. ఆమె కనకవ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సముదాయిస్తున్నట్టే, కాని అందరికీ వినబడేలా చెప్పింది. "అవ్వా, ముందుగాల నువ్వు మొక్కకు. నేను ఎయ్యనిది నేనెట్ల తీస్త? ఇయ్యాల నీ కోసం ఒకటి తీసిననుకో, ఏసింది నేనే అని ఒప్పుకున్నట్టు. రేపు గీ కాలనీల ఎవలకు జరమొచ్చినా నా ఇంటికే వస్తరు. మా నాయనమ్మ గట్లనే ఒప్పుకున్నది. కొట్టకుండ్రి, తీసేస్త అన్నది. తీసేస్త అన్నందుకే పీకిండ్రు." ఆ చివరి మాట అంతకుముందు మాకు కూడా చెప్పలేదు. తర్వాత ఆమె పిల్లవాడి మెడ మీద చెయ్యి పెట్టి చూసి, "ఒళ్ళు కాలిపోతున్నది. దవాఖానకు తీస్కపోదాం నడువు. గది జేస్త. రాత్రి పగలు కూసుంట. మంత్రం మాత్రం తియ్య" అంది. కనకవ్వ పిల్లవాడిని ఇంకా గట్టిగా పట్టుకుంది, ఇవ్వలేదు. అప్పుడే మా బాపు గొంతు వినిపించింది. "ఆటో పిలుస్తున్న. అవ్వా, నువ్వు సుత ఎక్కు" అన్నాడు. నన్ను ఇంటికి లాక్కుపోవడానికి వచ్చిన మనిషి ఆ మాట అని, రోడ్డు వైపు పరుగెత్తాడు. నేనూ ఆటోలో ఎక్కాను. ఎవరూ దిగమనలేదు.

మంచిర్యాల దవాఖానలో టైఫాయిడ్ అన్నారు. ఇంకా రెండు రోజులు దారం కట్టుకుని కూర్చుంటే దక్కేవాడు కాదన్నారు. స్వరూపక్క నాగాలు పెట్టి, జీతం పోయినా ఆ మంచం పక్కనే కూర్చుంది. నేను బడి అయ్యాక అన్నం డబ్బా పట్టుకుని వెళ్ళేదాన్ని. అక్కడ తెల్లబట్టల్లో తిరిగే నర్సులు పెద్ద గొంతుతో అరుస్తుంటే ఎవరూ తగ్గమనకపోవడం చూసి, నా ఉద్యోగం అప్పుడే నిర్ణయించుకున్నాను. పిల్లవాడు లేచి తిరిగాడు. కాలనీ మారిపోయిందా అంటే, ఎక్కడ మారుతుంది? "ఆమెనే పెట్టింది, ఆమెనే తీసింది" అన్నవాళ్ళు చాలామందే. ఆ మాట విని స్వరూపక్క పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. కనకవ్వ ఆమెతో మంచిగా మాట్లాడేది గాని, పాచికను చివరిదాకా ముట్టలేదు. "గా కుండ కింద ఉన్నది, మీరే తీస్కపోండ్రి" అని దూరంగా నిలబడి చూపించింది. నేను తీసుకున్నాను. గాట్లలో కుంకుమ అలాగే ఉంది. క్లబ్బు గది మాకు మళ్ళీ దొరకలేదు, అందులో క్యారం బోర్డు పెట్టారు. మా ఆట నల్లా దగ్గరే సాగింది. బిందెలతో వచ్చిన ఆడవాళ్ళు, నీళ్ళు నిండేదాకా నిలబడి, "గన్ని వద్దే, రెండు దాసుకో" అని నాకు సలహాలు ఇచ్చేవాళ్ళు. సలహాలే. ఎవరూ నా కుప్పలో చెయ్యి పెట్టలేదు.

స్వరూపక్క ఇప్పుడు లేదు. రొమ్ములో గడ్డ వచ్చి, కరీంనగర్‌లో ఆపరేషన్ అయి, ఏడాది తిరగకముందే పోయింది. నాకు చాలా అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది. దాన్ని తియ్యగా చేసి చెప్పడం నాకు రాదు. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాను. మనిషి సగమైపోయింది, గొంతు మాత్రం అదే. "ఎన్ని ఏస్తున్నవే?" అని అడిగింది. "రోజుకు రెండో మూడో. కడమయన్ని ఎడమ చేతిలనే" అన్నాను. వార్డులో పేషెంట్ల చుట్టాలతో, డాక్టర్లతో, ఎనిమిదీ వేస్తే పని నడవదు మరి. ఆమె నా ఎడమ చెయ్యి తీసుకుని, వేళ్ళు ముడిచి, చూసి, "గీ పిడికిలి మూసింది నువ్వేనా, ఇంకెవలన్ననా?" అంది. నేనే అన్నాను. "గట్లయితే మంచిదే" అని కళ్ళు మూసుకుంది.

రాయడం ఇక్కడ ఆపి లేచాను, మిగతాది పిల్లలు వెళ్ళాక రాస్తున్నాను. ఓనరమ్మ మెట్ల మీద కనబడింది, జవాబు కోసం వచ్చింది. నేను రాత్రంతా ఆలోచించి, తగ్గించేవి, తగ్గించనివి అని రెండు వరుసలుగా వేరుచేసి పెట్టుకున్నదే చెప్పాను. "అమ్మా, మీరు మధ్యాహ్నం పూట పడుకుంటరు, ఎరుకే. అప్పటి వరకు ఆట ఒడగొడుత. తాంబాళం కింద దుప్పటి పరుస్త, సప్పుడు తగ్గుతది. ఇయి మీరు చెప్పలే, నేనే అనుకున్న. మంత్రం అన్న మాట మాత్రం మార్చ. కిడికీ సుత ముయ్య. రూం ఖాళీ చెయ్యమంటె వచ్చే నెల చేస్త, మీ మీద కోపం లేదు." ఆమె నన్ను ఎగాదిగా చూసింది. దిగిపోలేదు. మెట్టు మీదే కూర్చుంది.

పిల్లలు వచ్చారు. దుప్పటి పరిచి తాంబాళం పెట్టాను. ఏడు పాచికలు కొత్తవి, ఒకటి పాతది, ఎర్రటి గాట్లది. ఈ వారం మంత్రగత్తె వేషం కింది హోటలాయన కూతురిది, మాట పెగలని పిల్ల. అది కిటికీ వైపు చూసి, మెట్ల మీది ఓనరమ్మను చూసి, నా చెవి దగ్గరికి వచ్చి, "సిస్టరక్కా, మెల్లగ అనాల్నా?" అని అడిగింది. "నీ ఇష్టం బిడ్డా. నీ కుప్పల నేను చెయ్యి పెట్ట" అన్నాను. అది కాసేపు కుప్పను చూసుకుంది. మెల్లగా రెండు చేతులూ చాచి, ఎనిమిదింటినీ కుడిచేతిలోకే తీసుకుంది.